వాన పడకముందే కట్టె, కరెంటు, షెడ్డు ఒకసారి చూసుకోండి

మృగశిర కార్తె దగ్గరికొచ్చింది. మన నల్లగొండ, పాలమూరు వైపు సరదాకి చెక్కపని చేసేవాళ్లకు ఏడాది మొత్తంలో చిక్కు తెచ్చేది ఈ నెలే. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండకు ఎండిన కట్టెతో సొరుగో బల్లో చేసి మురిసిపోతాం, తిప్పికొడితే నెల తిరగకుండానే అది తేమగాలిలో పడుతుంది. మేలో సందు లేకుండా ముద్దుగా కూర్చున్న సొరుగు ఆగస్టులో రెండు చేతులతో గుంజినా రాదు. అప్పుడు అందరూ సామిల్లువాణ్ణి తిడతారు, పాపం వాడిచ్చిన కట్టె మంచిదే.

మన మే నెల మధ్యాహ్నాలు 43, 44 డిగ్రీలు. ఆ పొడిగాలికి రేకుల షెడ్డులో ఉన్న పలక తేమ ఆరేడు శాతానికి దిగిపోతుంది. వానలు పట్టుకున్నాక అదే పలక 14 శాతం దాకా ఎక్కుతుంది. టేకు మామూలుగా తక్కువ కదిలే కట్టె, అయినా అడుగు వెడల్పు టేకు పలక, అదీ పైన గోపురాల్లాంటి గీతలు కనిపించేలా కోసిన పలకైతే, ఈ తేడాకు నాలుగు మిల్లీమీటర్ల పైనే వెడల్పవుతుంది. గీతలు నిలువుగా, దగ్గరదగ్గరగా ఉన్న పలకలో ఇంచుమించు సగమే. పొడవులో పెద్ద మార్పు ఉండదు. కాబట్టి చూసుకోవాల్సింది వెడల్పు ఒక్కటే.

అంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్న పలక ఏడాది మొత్తంలో వెడల్పు అతి తక్కువగా ఉన్న పలక అన్నమాట. ఇక్కడి నుంచి అది పెరగడమే. ఇది గుర్తుంటే మిగతా కొలతలు వాటంతట అవే వస్తాయి. ఆరంగుళాల ఎత్తు సొరుగు ముందుచెక్కకు పైన మూడు మిల్లీమీటర్లు వదలండి, చూడటానికి ఎబ్బెట్టుగా ఉన్నా సరే, సెప్టెంబరులో ఎవరికీ కనపడదు. కప్‌బోర్డు తలుపులో నడిమి పలకను చట్రం గాడిలో ఉత్తగా కూర్చోబెట్టండి, ఫెవికాల్ చుక్క కూడా పడొద్దు, అటూ ఇటూ మూడేసి మిల్లీమీటర్ల ఖాళీ గాడి లోపల ఉండాలి. బల్ల పైపలకను కింది చట్రానికి అతికించి, పైనుంచి మేకులు కూడా కొట్టేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. అలా చేస్తే పలక పెరగడానికి చోటు దొరక్క పైకి ఉబ్బుతుంది, లేదంటే మళ్లీ ఎండాకాలానికి నడుమ చీలుతుంది. స్క్రూలే వాడండి, చట్రంలో రంధ్రం గుండ్రంగా కాకుండా పలక వెడల్పు దిశలో కాస్త కోలగా చేయండి, స్క్రూ అందులో జరుగుతూ ఉంటుంది.

మీ షెడ్డులో కట్టె ఎంత కదులుతుందో మీకే తెలియాలంటే ఒక పని చేయండి. వెడల్పు పలక చివర నుంచి రెండంగుళాల ముక్క అడ్డంగా కోసి, దాని వెడల్పు పెన్సిల్‌తో ముక్క మీదే రాసి, పక్కన తేదీ వేసి, గోడకు మేకు కొట్టి వేలాడదీయండి. జూలైలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి కొలిచి కిందనే రాయండి. తేమ మీటరు లేనివాళ్లకు ఇంతకన్నా మంచి పరికరం లేదు.

ఇంటి తలుపులు బిగుసుకున్నాయని జూలైలో రందా (చిత్రిక) పట్టేవాళ్లకు ఒక మాట. ఆగండి. అప్పుడు చెక్కినంతా వచ్చే ఏప్రిల్‌కు సందై కూర్చుంటుంది, బల్లులూ దుమ్మూ అందులోంచే వస్తాయి. ఇప్పుడే నిచ్చెన వేసుకుని తలుపు పై అంచు చేత్తో తడిమి చూడండి, తొంభై పాళ్లు రంగు వేసి ఉండదు, కింది అంచు సంగతి చెప్పక్కర్లేదు. తేమ ఎక్కువగా లోపలికి పోయేది అక్కడినుంచే. తలుపు విప్పి ఆ రెండు అంచులకూ రెండు పూతలు ప్రైమర్, రెండు పూతలు రంగు వేస్తే సగం గొడవ తగ్గుతుంది. రంగు తేమను పూర్తిగా ఆపదు, నెమ్మదింపజేస్తుంది అంతే.

ఇక కరెంటు. దీనికి మాత్రం బద్ధకం పనికిరాదు. గాలిదుమారం లేస్తే మన ఊళ్లలో కరెంటు పోవడం ఖాయం. మీరు చేతి రంపం మిషన్‌తో సగం పలక కోస్తుండగా పోయిందనుకోండి, మిషన్ అక్కడే పెట్టి, లోపలికెళ్లి చాయ్ తాగుతూ కూర్చుంటారు, స్విచ్ లాక్ అలాగే ఉంటుంది. కరెంటు వచ్చిన క్షణాన అది తనంతట తానే తిరిగి బల్ల మీద నుంచి దూకుతుంది, ఆ పక్కన పిల్లలుంటే చెప్పేదేముంది. కరెంటు పోతే ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఆ తర్వాతే చాయ్.

షెడ్డుకు ఇంటినుంచి లాగిన వైరు రేకుల అంచుకు రాసుకుంటోందేమో చూడండి, ఎండకు పైతోలు పెళుసుబారి ఉంటుంది. ఎర్తింగ్ ఉందా లేదా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) పెట్టించుకోండి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద వద్దు. తడి రంపపు పొట్టు బండల మీద జారుతుంది కూడా, రబ్బరు అడుగున్న చెప్పులు వేసుకోండి. మెడలో తువ్వాలు, లుంగీ కట్టుతో తిరిగే మిషన్ దగ్గరికి పోవద్దని వేరే చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే రోజూ చూస్తున్నాం.

నాలుగంగుళాల గ్రైండర్‌కు పళ్ల బ్లేడు పెట్టి కట్టె కోసే అలవాటు ఒకటి ఉంది. నా మాటగా చెబుతున్నా, మానేయండి. ఆ మిషన్లు నిమిషానికి 11,000 చుట్ల పైన తిరుగుతాయి, చాలా కట్టె బ్లేడ్లు అంత వేగానికి చేసినవి కావు, బ్లేడు మీదే రాసి ఉంటుంది చదవండి. వానకు తడిసిన కట్టె కోత మధ్యలో బ్లేడును నొక్కి పట్టేస్తుంది, అప్పుడు మిషన్ మీ మీదికే ఎగిరి వస్తుంది.

జల్లు కొడుతుందని తలుపులు మూసుకుని పని చేస్తే దుమ్మంతా లోపలే. కట్టె దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది, ముఖ్యంగా ముక్కు లోపలి భాగానికి. ఎన్95 మాస్కు పెట్టుకోండి, కర్చీఫు చాలదు. వేప కోసిన రోజు గొంతంతా చేదెక్కుతుంది చూడండి, అదే దుమ్ము లోపలికి పోతోందనడానికి గుర్తు.

పాలిష్ పని మిగిలి ఉంటే మబ్బు పట్టకముందే కానివ్వండి. తేమ రోజున చపడా (లక్క పాలిష్) గానీ లాకర్ పాలిష్ గానీ పూస్తే తెల్లగా పాలు పోసినట్టు మసక వస్తుంది. స్పిరిట్, థిన్నర్ ఆవిరవుతూ పైభాగాన్ని చల్లబరుస్తాయి, గాలిలో నీరు అక్కడ చేరుతుంది. అవిసె నూనె వాడేవాళ్లు ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు, ఆరేటప్పుడు వాటిలో వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి. బయట తీగ మీద ఒక్కొక్కటి విప్పి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచండి. ఆరుబయట ఉండే కుర్చీలకు మామూలు తెల్ల ఫెవికాల్ కాకుండా నీళ్లకు ఆగే మెరైన్ రకం తీసుకోండి, బిగింపు కూడా వానాకాలంలో రోజంతా ఉంచండి. ఉలి, రందా బ్లేడు, రంపం తుడిచి మిషన్ నూనె పట్టించి పెట్టండి, రంపపు పొట్టులో కప్పి ఉంచితే రాత్రికి రాత్రే తుప్పు.

నిల్వ కట్టె నేలకు ఆనకూడదు. కింద బండలు పేర్చి, జానెడు ఎత్తున, వరసకూ వరసకూ మధ్య సమాన మందం చెక్క పట్టీలు పెట్టండి. మొదటి వాన పడిన సాయంత్రం ఉసిళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు, దీపం చుట్టూ ముసిరాయంటే చెదలు చుట్టుపక్కలే ఉన్నాయని అర్థం, మర్నాడు పేర్పు అడుగున మట్టి గీతలేమైనా లేచాయేమో టార్చి వేసి చూడండి. తెల్ల భాగం ఎక్కువున్న పలకలు పక్కకు తీయండి, పుచ్చు మొదలయ్యేది వాటిలోనే. చేవ (నడిమి ముదురు భాగం) ఉన్నది చాలావరకు తట్టుకుంటుంది.

ఈ గాలులకు పొలం గట్ల మీద తుమ్మ, వేప కూలుతాయి, దుంగ ఊరికే వస్తోందని మన చేతులు ఊరుకోవు. చెట్లకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, టేకు తరలించాలంటే అటవీ శాఖ పర్మిట్ కావాలి, ముందు అడిగి తెలుసుకోండి. తెచ్చాక మొదటి రోజే బెరడు ఒలిచేయండి, పురుగు దాని కిందే ఉంటుంది. రెండు కొసలకూ పాత రంగు డబ్బాల్లో ఏది మిగిలితే అది మందంగా పూయండి, లేకపోతే వారంలో నెర్రెలిస్తుంది. అంగుళం మందానికి ఏడాది లెక్కన ఆరాలి కాబట్టి, ఈ జూన్‌లో కోయించిన అంగుళం పలక మీద తేదీ రాసి నీడలో పేర్చేసి, వచ్చే మే దాకా దాని జోలికి పోకండి.