ఉపగ్రహం వెళ్ళిపోయాక డిష్ తిరిగిందా? గ్రౌండ్ స్టేషన్ షెడ్యూలర్ సమస్యలు, పరిష్కారాలు

ఉపగ్రహం స్టేషన్ మీదుగా పోయే వేళని పాస్ అంటారు. పాస్ మిస్సయితే ముందు తిట్లు తినేది, డిష్ ఎప్పుడు ఏ ఉపగ్రహం వైపు తిరగాలో నిర్ణయించే సాఫ్ట్‌వేర్, అంటే షెడ్యూలర్. లాగ్ తెరిచి చూస్తే చాలాసార్లు అది చెప్పింది చెప్పినట్టే చేసి ఉంటుంది. దానికి అందిన సమయమో, కక్ష్య వివరాలో, యాంటెన్నా వివరాలో తప్పు. అందుకే సెట్టింగ్‌ల జోలికి వెళ్ళేముందు, షెడ్యూల్‌లో ఉన్న వేళకీ సిగ్నల్ నిజంగా దొరికిన వేళకీ తేడా ఎంతో కొలవండి. చాలావరకు ఆ అంకే కారణం చెప్పేస్తుంది.

తేడా సరిగ్గా ఐదున్నర గంటలు

ఎక్కడో ఐఎస్‌టీని (మన దేశ సమయం) యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకున్నారు. ఉదయం 11:30 పాస్‌ని అలాగే ఎక్కిస్తే డిష్ సాయంత్రం 5 గంటలకి లేచి ఖాళీ ఆకాశంలో తిరుగుతుంది. ఎక్సెల్ షీట్ నుంచి పాస్‌ల జాబితా ఎక్కించే చోట ఇది ఎక్కువ. లోపల అంతా యూటీసీలోనే ఉంచి, తెర మీద చూపేటప్పుడు మాత్రమే ఐఎస్‌టీకి మార్చండి. తేదీతో కూడా జాగ్రత్త: మనకి తెల్లవారి 5:30 అయ్యేదాకా యూటీసీలో ఇంకా నిన్నటి తేదీయే.

తేడా సరిగ్గా ఒక రోజైతే, సంవత్సరంలో ఎన్నో రోజు అనే లెక్క చూడండి. 2024లో మార్చి 1 అంటే 61వ రోజు, 2025లో 60వది. జనవరి 1ని సున్నాగా లెక్కపెట్టే ప్రోగ్రాములూ ఉన్నాయి.

యాంటెన్నా 18 సెకన్లు ముందే కదులుతోంది

జీపీఎస్ రిసీవర్ నుంచి తీసుకున్న సమయాన్ని నేరుగా వాడుతున్నారు. 2017 నుంచి జీపీఎస్ టైమ్ యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంది. రిసీవర్‌లో యూటీసీ అవుట్‌పుట్ ఎంచుకోండి. కోడ్‌లో 18 సెకన్లు తగ్గిస్తే కూడా పని జరుగుతుంది కానీ, మళ్ళీ లీప్ సెకను (యూటీసీకి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకను) కలిపిన రోజు అదే గొడవ.

ఒకటి రెండు సెకన్ల తేడా, రోజురోజుకీ పెరుగుతోంది

టీఎల్‌ఈ (ఉపగ్రహం కక్ష్య వివరాలుండే రెండు వరుసల అంకెలు) పాతబడింది. తక్కువ ఎత్తు కక్ష్యల్లో గాలి రాపిడికి ఉపగ్రహం కాస్త కిందికి దిగి, చెప్పిన వేళకన్నా ముందే వచ్చేస్తుంది. సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు ఇది ఇంకా ఎక్కువ.

రెండు సెకన్లకే ఇంత టెన్షన్ ఎందుకంటారా? 8 గిగాహెర్ట్జ్ దగ్గర 5 మీటర్ల డిష్ చూపు సుమారు అర డిగ్రీ. నడినెత్తిన 500 కిలోమీటర్ల ఎత్తులో అది నాలుగున్నర కిలోమీటర్ల వెడల్పు. ఉపగ్రహమేమో సెకనుకి ఏడున్నర కిలోమీటర్లు పోతుంది. యాగీ (పాత టీవీ యాంటెన్నా లాంటిది) చూపు వెడల్పు కాబట్టి దానితో నెలల తరబడి బయటపడని తప్పు డిష్ పెట్టిన రోజే బయటపడుతుంది.

టీఎల్‌ఈని రోజూ తెప్పించుకోండి. అంతకంటే ముఖ్యం, కొత్తది వచ్చాక అప్పటికే బుక్ చేసిన పాస్‌లని కూడా తిరిగి లెక్కకట్టే ఏర్పాటు ఉందో లేదో చూడండి. వారం కిందట బుక్ చేసిన పాస్ ఆనాటి అంకెలతోనే నడిచే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఉపగ్రహం థ్రస్టర్ కాల్చాక పాత టీఎల్‌ఈ పనికిరాదు. దాని ఆపరేటర్లనే కొత్త కక్ష్య అడగాలి.

తేడా కొలవడం కుదరకపోతే డాప్లర్ (ఉపగ్రహం కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారడం) సరిదిద్దిన వాటర్‌ఫాల్ (సమయం గడిచేకొద్దీ సిగ్నల్ ఫ్రీక్వెన్సీని గీతగా చూపే చిత్రం) చూడండి. గీత నిటారుగా ఉండి పక్కకి జరిగిందంటే ఫ్రీక్వెన్సీ తప్పు, షెడ్యూలర్‌ని వదిలేయండి. రెండు చివరలా సరిగ్గా ఉండి మధ్యలో పొట్ట ఉబ్బితే సమయం తప్పు. పూర్తి ఎస్ ఆకారం మిగిలితే మీరు విన్నది ఆ ఉపగ్రహాన్ని కాకపోవచ్చు.

కరెంటు పోయి వచ్చాక పాస్‌లు తప్పుతున్నాయి

షెడ్యూలర్‌ని రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడుపుతున్నారా? పై 4లోగానీ అంతకు ముందువాటిలోగానీ బ్యాటరీ గడియారం లేదు. నెట్ వచ్చేదాకా పాత సమయంతోనే నడుస్తుంది. ఒక ఆర్‌టీసీ (బ్యాటరీ గడియారం) మాడ్యూల్ పెట్టండి. గడియారం సరిపడేదాకా షెడ్యూలర్ మొదలవకుండా కట్టండి.

వెంటవెంటనే రెండు పాస్‌లుంటే రెండోదాని మొదలు పోతోంది

ఒకటి ముగిసిన సెకనులోనే ఇంకోటి పెట్టేశారు. డిష్ తిరగడానికి, కేబుల్ చుట్టు విప్పుకోవడానికి సమయం కావాలి. చిన్న రొటేటర్లకి (యాంటెన్నాని తిప్పే యంత్రాలకి) ఒక పూర్తి చుట్టుకే నిమిషం పడుతుంది. తయారీదారు చెప్పిన వేగం కాదు, మీ రొటేటర్‌ని స్టాప్‌వాచ్‌తో కొలిచి ఆ అంకెని షెడ్యూలర్‌కి ఇవ్వండి. నడినెత్తిన మాత్రమే సిగ్నల్ తెగుతుంటే అజిముత్ మోటారు (డిష్‌ని పక్కలకి తిప్పేది) అంత వేగంగా తిరగలేకపోతోంది. 85 డిగ్రీల ఎత్తు దాటే పాస్‌లకి ప్రాధాన్యం తగ్గించండి.

ఒక ఉపగ్రహానికి అసలు పాస్‌లే దొరకడం లేదు

ఇదొక్కటే నిజంగా షెడ్యూలర్ సమస్య. భూపరిశీలన ఉపగ్రహాలు చాలావరకు స్థానిక సమయం ఉదయం 10, 10:30 ప్రాంతంలో భూమధ్యరేఖ దాటుతాయి. కాబట్టి హైదరాబాద్ దగ్గర ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) స్టేషన్ ఉన్న షాద్‌నగర్ లాంటి చోట అందరికీ కావలసింది ఒకే గంట. ఉత్తర ధ్రువానికి దగ్గరగా స్వాల్‌బార్డ్‌లో ఉంటే ధ్రువ కక్ష్య ఉపగ్రహం దాదాపు ప్రతి చుట్టులో కనిపిస్తుంది, మనకి రోజుకి నాలుగైదు పాస్‌లే. ఎన్‌ఆర్‌ఎస్‌సీ అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రం భారతి దగ్గర కూడా స్టేషన్ పెట్టింది ఇందుకే.

ఎత్తైన పాస్‌కే ఓటు వేసే నియమం ఉంటే, ఎప్పుడూ కింద నుంచి పోయేవాటికి వంతు రాదు. ప్రతి ఉపగ్రహానికీ రోజుకి కనీసం ఇన్ని పాస్‌లని ముందు రాయండి. రెండు పాస్‌లు ఒకే వేళకి పడినప్పుడు, ఆ రోజుకి ఇంక అవకాశాలు తక్కువ మిగిలినదానికి ఇవ్వండి. నాకైతే ప్రాధాన్యాల అంకెలు దిద్దుకుంటూ కూర్చోవడం కంటే ఇదే నయం అనిపిస్తుంది.

ప్రయోగించి వారం కాలేదు, షెడ్యూల్ ప్రకారం ఏమీ వినిపించడం లేదు

పీఎస్‌ఎల్‌వీ సీ37 2017 ఫిబ్రవరి 15న ఒకేసారి 104 ఉపగ్రహాలని వదిలింది. అలాంటప్పుడు ఏ కేటలాగ్ నంబరు (కక్ష్యలోని ప్రతి వస్తువుకీ ఇచ్చే గుర్తింపు అంకె) ఎవరిదో తేలడానికి సమయం పడుతుంది. నంబరు ఖాయం చేసుకోకండి. పాస్‌కి ముందూ వెనకా కొన్ని నిమిషాలు కలిపి వెడల్పు చూపున్న యాంటెన్నాతో రికార్డు చేయండి. ఆ డాప్లర్ గీతని పక్కనున్న నంబర్ల టీఎల్‌ఈలతో ఒక్కొక్కటిగా సరిపోల్చి, గీత నిటారుగా నిలిచే నంబరుని షెడ్యూలర్‌లో పెట్టండి.