ట్రాక్ మీద ఆటోమేటిక్ కారు – 3వ పాఠం: మలుపుకు ముందే గేరు, ఆయిల్ మరిగే ముందే విరామం

మొదటి రెండు పాఠాల్లో ఆటోమేటిక్ గేర్‌బాక్సుల రకాలను, ట్రాక్ డేకి (సొంత కారును రేసు ట్రాక్ మీద నడిపే రోజుకి) కారును సిద్ధం చేసుకునే పద్ధతిని చూశాం. ఈ పాఠం టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న కారును ట్రాక్ మీద నడిపే తీరు గురించి. ఉదాహరణల కోసం జెడ్‌ఎఫ్ సంస్థ చేసే 8 గేర్ల ఆటోమేటిక్‌ను తీసుకుంటున్నాను, ఎందుకంటే బీఎండబ్ల్యూతో మొదలుపెట్టి ఎన్నో కంపెనీల కార్లలో ఇదే ఉంది. స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.0 లీటర్ కార్లలో వచ్చే 6 గేర్ల ఆటోమేటిక్‌కు కూడా సూత్రాలు ఇవే, అంకెలు మాత్రం మారుతాయి. సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నిష్పత్తిని మార్చే ఆటోమేటిక్) ఉన్న కారును ట్రాక్‌కు తీసుకురావద్దన్నదే నా సలహా. ఇక్కడ చెప్పే అభ్యాసాల్లో ఏ ఒక్కటీ హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద గానీ, మరే ప్రజా రహదారి మీద గానీ చేయదగినది కాదు.

ముందుగా ఒక విషయం మనసులో నాటుకోవాలి. లివర్ డి స్థానంలో ఉన్నప్పుడు గేర్‌బాక్స్ కంప్యూటర్ ప్రధానంగా కారు వేగాన్ని, మీరు ఆక్సిలరేటర్ ఎంత నొక్కారన్నదాన్ని చూసి గేరు నిర్ణయిస్తుంది. ముందు మలుపు వస్తోందని దానికి తెలియదు. మీరు బ్రేక్ వేయడానికి ఆక్సిలరేటర్ వదలగానే ఇంధనం ఆదా చేసే అవకాశం దొరికిందనుకుని పై గేరుకు వెళుతుంది. మలుపు మధ్యలో మీరు మళ్ళీ ఆక్సిలరేటర్ నొక్కగానే శక్తి కావాలని గ్రహించి ఒకటి రెండు గేర్లు కిందికి దిగుతుంది. అంటే టైర్ల పట్టు మొత్తం కారును తిప్పడానికే ఖర్చవుతున్న క్షణంలో చక్రాలకు అకస్మాత్తుగా అదనపు బలం చేరుతుంది. వెనక చక్రాలతో నడిచే కారైతే వెనక భాగం పక్కకు జారుతుంది, ముందు చక్రాలతో నడిచేదైతే కారు స్టీరింగ్ మాట వినకుండా బయటి అంచు వైపు సాగిపోతుంది. స్పోర్ట్ మోడ్ ఈ లోపాన్ని కొంత తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసేయదు. కాబట్టి ట్రాక్ మీద మాన్యువల్ మోడ్‌లో ప్యాడిళ్ళతో (స్టీరింగ్ వెనక ఉండే గేరు మీటలతో) నడపడమే పద్ధతి. మలుపును చూసేది మీరు కనుక గేరు నిర్ణయం కూడా మీ చేతిలోనే ఉండాలి.

ఇప్పుడు ఒక మలుపును దగ్గరగా చూద్దాం. జెడ్‌ఎఫ్ 8 గేర్ల ఆటోమేటిక్‌లో రెండో గేరు నిష్పత్తి (బయటి షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ వైపు ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క) 3.143, మూడోది 2.106, నాలుగోది 1.667. మీ ఇంజిన్ రెడ్‌లైన్ (ఇంజిన్ దాటకూడని గరిష్ఠ వేగం) 6,500 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అనీ, నాలుగో గేరులో 5,000 ఆర్‌పీఎం వద్ద కారు గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వస్తోందనీ అనుకుందాం. రెండో గేరులో తీసుకోవలసిన నెమ్మది మలుపు ఎదురుగా ఉంది. ఆ 120 దగ్గరే మూడో గేరుకు దిగితే ఇంజిన్ సుమారు 6,300కు (5,000 × 2.106 ÷ 1.667) చేరుతుంది. అది రెడ్‌లైన్ లోపలే ఉంది కనుక కంప్యూటర్ ఒప్పుకుంటుంది. వెంటనే ఇంకోసారి ప్యాడిల్ లాగితే మాత్రం రెండో గేరులో ఇంజిన్ 9,400 దాటవలసి వస్తుంది, కాబట్టి అది తిరస్కరిస్తుంది. రెండో గేరు దొరకాలంటే కారు వేగం సుమారు 83 కిలోమీటర్లకు (120 × 6,500 ÷ 9,400) పడిపోవాలి. ఈ రెండు డౌన్‌షిఫ్ట్‌ల మధ్య 37 కిలోమీటర్ల వేగాన్ని తగ్గించవలసింది బ్రేకులే.

కొత్తగా నేర్చుకునేవారిలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ప్యాడిల్ పనిచేయలేదనుకుని టకటకా మూడు నాలుగు సార్లు లాగుతారు. వేగం తగ్గుతున్నకొద్దీ వాటిలో చివరిది ఏదో ఒక క్షణంలో ఆమోదం పొందుతుంది, ఆ క్షణానికి వారు స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టి ఉంటారు. మలుపులోకి దిగుతుండగా పడిన డౌన్‌షిఫ్ట్ నడిపే చక్రాలను ఇంజిన్ బ్రేకింగ్‌తో పట్టి లాగుతుంది. వెనక చక్రాలతో నడిచే కారు గిర్రున తిరిగిపోవడానికి అది సరిపోతుంది. అందువల్ల నియమం ఇలా పెట్టుకోండి: ముందు బ్రేక్ గట్టిగా వేయాలి, బ్రేక్ పట్టు కుదిరాక ఒకసారి ప్యాడిల్ లాగాలి, టాకోమీటర్ (ఆర్‌పీఎం చూపే మీటరు) ముల్లు బాగా దిగాక రెండోసారి లాగాలి, స్టీరింగ్ తిరిగేలోపు గేర్ల పని పూర్తయిపోవాలి. సమయం చాలకపోతే ఆ రెండో డౌన్‌షిఫ్ట్‌ను వదిలేసి మూడో గేరులోనే మలుపు తీసుకోండి. టార్క్ కన్వర్టర్ తక్కువ ఆర్‌పీఎం దగ్గర కొద్దిగా జారుతూ బలాన్ని పెంచి ఇస్తుంది కనుక మీరు భయపడినంత నష్టం జరగదు.

మాన్యువల్ కారులో హీల్ అండ్ టో (బ్రేక్ నొక్కుతూనే అదే పాదంతో ఆక్సిలరేటర్‌ను కూడా తట్టే పద్ధతి) సాధన చేసినవారు ఆ అలవాటును ఇక్కడ పక్కన పెట్టాలి. గేరు దిగేటప్పుడు ఇంజిన్ వేగాన్ని సరిపెట్టే పనిని ఆధునిక ఆటోమేటిక్ తానే చేసుకుంటుంది. మీ కుడి పాదానికి బ్రేక్ పెడల్ మీద ఒత్తిడిని సమంగా ఉంచి, మలుపులోకి దిగుతూ మెల్లగా వదలడం ఒక్కటే పని. ఆటోమేటిక్ వల్ల డ్రైవర్‌కు దక్కే అసలు లాభం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

మీ కారు మాన్యువల్ మోడ్ స్వభావాన్ని ట్రాక్‌కు వెళ్ళకముందే తెలుసుకోవాలి. కొన్ని కార్లు రెడ్‌లైన్ తగలగానే మీరు అడగకపోయినా పై గేరుకు వెళతాయి; అలాంటి కారులో మలుపు మధ్యలో ముల్లు రెడ్‌లైన్‌కు చేరేలా ఉంటే మొదటి నుంచే ఒక గేరు పైన ఉండాలి. చాలా కార్లలో ఆక్సిలరేటర్ చివర ఒక గట్టి మెట్టు తగులుతుంది, దాన్ని దాటి నొక్కితే కిక్‌డౌన్ పనిచేసి మాన్యువల్ మోడ్‌లో ఉన్నా గేరు కిందికి దిగవచ్చు. ఇంజిన్ ఆపి, కారులో కూర్చుని, ఆ మెట్టు ఎక్కడ మొదలవుతుందో పాదానికి అలవాటయ్యేదాకా నొక్కి చూడండి. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు దాన్ని దాటకుండా ఆగడం నేర్చుకోవాలి.

ఇక వేడి సంగతి. ఆటోమేటిక్ కారు ట్రాక్ మీద ఓడిపోయేది ఎక్కువగా వేడి వల్లే. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ తిప్పే పంపు, గేర్‌బాక్స్‌ను తిప్పే టర్బైన్ వేర్వేరు వేగాలతో తిరిగినంతసేపూ ఆ తేడా అంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది. లాకప్ క్లచ్ మూసుకుని రెండింటినీ కలిపేశాక ఆ వేడి ఆగుతుంది. గేరు మారిన ప్రతిసారీ లోపలి క్లచ్‌లు కొద్దిగా రాసుకుని మరికొంత వేడిని చేరుస్తాయి. డి మోడ్‌లో ప్రతి మలుపులో మూడుకు నాలుగుకు మధ్య ఊగిసలాడే కారు అనవసరంగా వేడెక్కుతుంది కనుక, ప్యాడిళ్ళతో తక్కువ గేర్లు మార్చి నడిపితే గేర్‌బాక్స్ కూడా చల్లగా ఉంటుంది.

గేర్‌బాక్స్ ఆయిల్ రోజువారీ ప్రయాణంలో 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మీ కారు డాష్‌బోర్డు ఈ ఉష్ణోగ్రతను చూపకపోతే ఓబీడీ రీడర్‌తో (కారు కంప్యూటర్ సమాచారాన్ని చదివే చిన్న పరికరంతో) ఫోన్‌లో చూసే ఏర్పాటు చేసుకోండి. 110 దాటితే ఒక ల్యాప్ నెమ్మదిగా తిరగాలి, 120 చేరితే ఆ సెషన్ అంతటితో ముగించాలి. అంతకుమించి కాగిన కొద్దీ ఆయిల్ త్వరత్వరగా పాడవుతుంది, రబ్బరు సీళ్ళు గట్టిపడతాయి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ తిరుపతి, నెల్లూరు వైపు వారికి అందుబాటులో ఉన్న ట్రాక్. అక్కడి ఎండలో సుమారు 3.7 కిలోమీటర్ల ల్యాప్‌ను ఆపకుండా పరుగెత్తించినప్పుడు ముందుగా అలసిపోయేది ఇంజిన్ కాకపోవచ్చు. నోయిడా దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో కిలోమీటరు దాటిన పొడవైన స్ట్రెయిట్ ఉంది కనుక అక్కడ లాకప్ మూసుకుని గేర్‌బాక్స్ ఊపిరి పీల్చుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది, కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వే వంటి చిన్న, మెలికల ట్రాక్‌లో అది దొరకదు. చాలా కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లార్చేది ఇంజిన్ కూలెంటే కావడం వల్ల ఒకటి కాగితే రెండోది కూడా కాగుతుంది. కొత్త టైర్ల కంటే ముందు గాలి తగిలే విడి ఆయిల్ కూలర్ మీద డబ్బు పెట్టమని నేను చెప్పడానికి కారణం ఇదే.

గేర్‌బాక్స్ ఆయిల్ కారు జీవితకాలమంతా సరిపోతుందన్న మాటను ట్రాక్ కారు విషయంలో నమ్మవద్దు. మామూలు వాడకానికే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చాలని జెడ్‌ఎఫ్ సంస్థ సూచిస్తుంది. ట్రాక్‌కు తరచుగా వెళ్ళేవారు అందులో సగం దూరానికే మార్చడం మంచిది.

సెషన్ చివరి ల్యాప్‌ను పై గేరులో, బ్రేకులు దాదాపు వాడకుండా పూర్తిచేయండి. ప్యాడాక్‌కు (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోటికి) వచ్చాక వెంటనే ఇంజిన్ ఆపవద్దు. లివర్‌ను పి లో పెట్టి, చక్రాలకు దిమ్మలు వేసి, ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచితే ఆయిల్ తిరుగుతూ వేడిని కూలర్‌కు చేరవేస్తుంది. బాగా వేడెక్కిన బ్రేకుల మీద హ్యాండ్‌బ్రేక్ లాగకూడదు.

ఆటోమేటిక్‌తో రేసు గెలవలేమన్న అపోహ ఉన్నవారికి ఒక చరిత్ర. అమెరికాలో టెక్సాస్‌కు చెందిన జిమ్ హాల్ తన చాపరల్ రేసు కార్లలో టార్క్ కన్వర్టర్‌తో పనిచేసే గేర్‌బాక్స్ వాడాడు. 1966లో నూర్‌బర్గ్‌రింగ్ 1000 కిలోమీటర్ల రేసును ఫిల్ హిల్, జో బోనియే ఆ చాపరల్ 2డితోనే గెలిచారు. అదే ఏడాది వచ్చిన 2ఇ కారులో క్లచ్ పెడల్ లేనందువల్ల ఖాళీగా ఉన్న ఎడమ పాదానికి వెనక రెక్కను పడుకోబెట్టే పెడల్‌ను అప్పగించారు.

మన కార్లలో ఆ ఎడమ పాదానికి ఏ పని ఇవ్వవచ్చో, ఏ కార్లలో ఇవ్వకూడదో 4వ పాఠంలో చూద్దాం. ఈలోపు అభ్యాసం ఒకటి: మీ కారు గేర్ నిష్పత్తులను సాంకేతిక వివరాల పట్టికలో వెతికి, పైన చూపిన విధంగా ప్రతి గేరు నుంచి కింది గేరుకు దిగడానికి అనుమతి దొరికే గరిష్ఠ వేగాన్ని లెక్కకట్టి, ఆ అంకెలను చిన్న చీటీ మీద రాసి డాష్‌బోర్డుకు అతికించండి. మొదటి సెషన్‌లో ఒక వామప్ ల్యాప్, మూడు వేగమైన ల్యాప్‌లు, ఒక కూల్‌డౌన్ ల్యాప్ మాత్రమే తిరిగి, బయటికి రాగానే గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రతను ఆ చీటీ వెనకవైపు నమోదు చేసుకోండి.