లెపర్డ్ గెకోకి తిండి పెట్టడం, చేతికి అలవాటు చెయ్యడం ఎలా?

మా ఇంట్లో లెపర్డ్ గెకో, అంటే మచ్చల పెంపుడు బల్లి, ఉందని చెప్పగానే విజయనగరంలో చుట్టాలు అడిగే మొదటి మాట "మీద పడితే ఏం ఫలితం?" అని. పంచాంగంలోని బల్లిశాస్త్రానికి దీనితో పనిలేదు. గోడబల్లికి ఉన్నట్టు అతుక్కునే పాదాలు దీనికి లేవు, గోడ ఎక్కలేదు, మీద పడలేదు. కనురెప్పలు ఉంటాయి, కళ్లు మూసుకుని పగలంతా నిద్రపోతుంది, సాయంత్రం లేస్తుంది. పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్ వైపు రాతినేలల జీవి ఇది. బాగా చూసుకుంటే 15, 20 ఏళ్లు బతుకుతుంది. ఇంటర్ చదివే కుర్రాడు ముచ్చటపడి కొంటే వాడి పెళ్లినాటికి కూడా ఉంటుందన్నమాట.

కొనేటప్పుడు పెంపకంలో పుట్టినదేనా అని అడిగి, బిల్లు తీసుకోండి. ఏ కాగితాలు కావాలో అటవీశాఖ వాళ్లని ముందే కనుక్కోండి. మన తూర్పు కనుమల్లో దీని దగ్గరి బంధువు ఒకటి ఉంది. కొండల్లో కనబడింది కదా అని దాన్ని పట్టి తేవద్దు.

మొదటి వారం ముట్టుకోవద్దు

తెచ్చిన రోజే చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది. నేనూ ఆగలేదు. మూడో రోజు మా మేనల్లుడు చూస్తానంటే, దాక్కున్నదాన్ని పైనుంచి పట్టి లేపాను. తోక ఊడి కింద పడి, రెండు మూడు నిమిషాలు దానంతటదే గిలగిల్లాడింది. పిల్లాడు ఏడుపు, నాకు టెన్షన్. తోక మళ్లీ వచ్చింది కానీ ముల్లంగి దుంపలా పొట్టిగా, లావుగా వచ్చింది. ఈ జీవి కొవ్వు దాచుకునేది తోకలోనే. తోక పోయిందంటే ఎన్నో రోజుల తిండి నిల్వ పోయినట్టే.

అందుకే మొదటి వారం, పది రోజులు నీళ్లు మార్చడం, తిండి పెట్టడం, శుభ్రం చెయ్యడం, అంతే. అది ఉండే పెట్టెలో కింద ఇసుక వద్దు, పురుగుతోపాటు మింగితే పేగుకి అడ్డం పడొచ్చు. టిష్యూ పేపరో, పాత న్యూస్‌పేపరో చాలు. పెట్టెలో ఒకవైపు నేల 31 నుంచి 33 డిగ్రీలు ఉండాలి, రెండోవైపు చల్లగా ఉండాలి. పొట్ట కిందనుంచి వేడి తగిలితేనే తిన్నది బాగా అరుగుతుంది. హీట్ మ్యాట్‌కి (పెట్టె కింద పెట్టే, కరెంటుతో వేడెక్కే పట్టా) వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి. మే నెలలో మన గదే 35 దాటుతుంది కాబట్టి అప్పుడు మ్యాట్ ఆపేయాల్సి రావచ్చు.

ఏం పెట్టాలి?

బతికున్న పురుగులు. ఆకుకూర, పండు, అన్నం, కోడిమాంసం ఏవీ పనికిరావు. కీచురాళ్లు, మీల్‌వార్మ్‌లు (ఒక రకం పెంకుపురుగు పిల్లలు), తిండి కోసమే పెంచే డూబియా బొద్దింకలు మంచివి. పురుగు వెడల్పు గెకో రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. ఈ కొలత గుర్తుంటే సగం పని అయినట్టే.

మన దగ్గర ప్రతివారం పురుగులు కొనడం కష్టం. పార్శిల్లో తెప్పిస్తే ఎండాకాలం సగం చచ్చి వస్తాయి. నేను ఒకసారి మీల్‌వార్మ్‌లు తెప్పించి, పశువుల దాణా కొట్టులో దొరికే గోధుమ తవుడులో వేసి పెంచుతున్నాను. తడికి క్యారెట్ ముక్క వేస్తాను. డబ్బాని నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టకపోతే ఒక్క రాత్రిలో చీమలు పట్టేస్తాయి.

గెకోకి పెట్టే ముందు ఒకరోజు ఆ పురుగులకి ములగాకు, క్యారెట్ మేపండి. పురుగు పొట్టలో ఉన్నదే గెకోకి చేరేది. తర్వాత పురుగుల్ని చిన్న కవర్లో వేసి, కాల్షియం పొడి చిటికెడు చల్లి ఊపండి. పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఈ పొడి లేకపోతే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర పోతాయి. మా మామ్మ "తాంబూలం సున్నం రాసి పెట్టరా" అంది. ఆ పని మాత్రం చెయ్యకండి, నోరు కాలుతుంది. సరీసృపాల కోసం అమ్మే పొడే వాడండి. డి3 ఉన్న విటమిన్ పొడి పెద్దవాటికి వారానికోసారి చాలు. ఎక్కువైనా చెరుపే.

ఆరు నెలల లోపు పిల్లకి రోజూ, ఏడాది వరకు రోజు విడిచి రోజు, పెద్దదానికి వారానికి రెండు మూడుసార్లు పెట్టండి. పొద్దుపోయాక పెట్టి, పావుగంటలో తిన్నంత తిననిచ్చి, మిగిలిన కీచురాళ్లని తీసేయండి. వదిలేస్తే రాత్రి అవే దాన్ని కొరుకుతాయి.

వరిచేలో పట్టిన మిడతలు, వంటింటి బొద్దింకలు వద్దు. ఏ మందు కొట్టారో ఎవరికి తెలుసు? మిణుగురులైతే విషమే.

చేతికి అలవాటు చెయ్యడం

సాయంత్రం అది లేచాక, చెయ్యి కడుక్కుని పెట్టెలో అరచెయ్యి పరిచి కదలకుండా ఉంచండి. వాసన చూసి, నాకి వెళ్లిపోతుంది. నాలుగైదు రోజులు ఇంతే. ఎప్పుడో ఒకరోజు కాలు పైన పెడుతుంది. అప్పుడు కూడా పట్టుకోవద్దు. పైనుంచి వచ్చే చెయ్యి దానికి గద్దలాంటిది. పక్కనుంచి, పొట్ట కింద వేళ్లు పెట్టి లేపాలి. తోక జోలికి అస్సలు పోవద్దు. మీరు నేలమీద కూర్చోండి, జారినా దెబ్బ తగలదు. మొదట 5 నిమిషాలు, అలవాటయ్యాక 10, 15.

తోక పైకెత్తి పాములా మెల్లగా ఊపితే భయపడిందని అర్థం, వదిలేయండి. తోక కొస మాత్రమే వణికితే పురుగు మీద గురి పెట్టిందన్నమాట. తిన్న రాత్రి ఎత్తుకోవద్దు. ఒళ్లు తెల్లబడితే కుబుసం విడుస్తుందని గుర్తు, అప్పుడూ వద్దు. కుబుసం సులువుగా ఊడడానికి తడి గుడ్డ పెట్టిన చిన్న డబ్బా ఒకటి లోపల ఉంచండి. కుబుసం అయ్యాక కాలివేళ్లకి పొర అంటుకుందేమో చూడండి. ఉండిపోతే వేలు ఊడిపోవచ్చు.

ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. అయిదేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వొద్దు.

తినకపోతే?

ముందు నేల వేడి చూడండి. ఎక్కువసార్లు తేడా అక్కడే ఉంటుంది. చలికాలంలో పెద్దవి వారం, రెండు వారాలు మానేస్తాయి. వంటింటి కాటాలో వారానికోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గుతూ తోక సన్నబడితే డాక్టర్‌కి చూపించాలి. విజయనగరం దగ్గర గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. బల్లుల్ని చూసేవాళ్లు ఉన్నారా అని ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

తుపాను రోజుల సంగతి వేరు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస, సోంపేట వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు తిండి ఆపేయండి. వేడి లేని పొట్టలో పురుగు అరగదు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద గెకో నాలుగు రోజులు తినకపోయినా ఏమీ కాదు. నీళ్లు మాత్రం ఉంచండి. చలిగా ఉంటే సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి పెట్టెలో ఒక మూల పెట్టండి. కరెంటు వచ్చి, నేల మళ్లీ వేడెక్కాక, మర్నాడు రాత్రి రెండు మూడు పురుగులతో మొదలుపెట్టండి.