కోర్టు కాగితం మీద జడ్జి హోదా రాసే పద్ధతి

కోర్టులో వేసే ఏ కాగితానికైనా మొదటి పంక్తి కోర్టు పేరే. సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లోని ఏడవ ఆర్డరు మొదటి నియమం దావాలో ఉండవలసిన వివరాలలో దానినే ముందు పెట్టింది. కక్షిదారులు కొందరు అక్కడ జడ్జి గారి సొంత పేరు రాయాలనుకుంటారు. ఆ అవసరం లేదు. జడ్జీలు బదిలీ అవుతుంటారు, దావా మాత్రం ఆ కోర్టులోనే ఉంటుంది. అందుకే “గుంటూరు ప్రిన్సిపల్ జిల్లా జడ్జి గారి కోర్టు నందు” అని హోదా, ఊరు మాత్రమే రాస్తారు.

హోదా తేల్చుకోవాలంటే ముందు కేసు స్వభావం చూడాలి. జిల్లాలో పెద్ద జడ్జి ఒక్కరే అయినా, ఆయన లేదా ఆమె ఆస్తి తగాదా వినేటప్పుడు జిల్లా జడ్జి, హత్య కేసు విచారించేటప్పుడు సెషన్స్ జడ్జి. కనుక సివిల్ అప్పీలు మీద మొదటి హోదా, బెయిలు పిటిషన్ మీద రెండవ హోదా రాయాలి. చాలా పట్టణాలలో జూనియర్ సివిల్ జడ్జి మేజిస్ట్రేటుగా కూడా పనిచేస్తారు కాబట్టి అక్కడా ఇదే జాగ్రత్త అవసరం. సివిల్ దావాను, దానిని విచారించే అధికారం ఉన్న కోర్టులలో అన్నిటికంటే కింది కోర్టులోనే వేయాలని అదే కోడ్ 15వ సెక్షన్ చెబుతోంది. అధికారం లేని కోర్టులో వేస్తే దావా వాపసు వస్తుంది, ఈలోగా కాలపరిమితి దగ్గరపడవచ్చు.

పాత నమూనాలను నకలు చేయడం నిజంగా ప్రమాదకరం. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే చట్టం, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ అనే హోదా లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం కేసులకు పాత కాగితాలు చూసి రాసేవారు ఇది తప్పక గమనించాలి.

ఇప్పటికే నడుస్తున్న కేసయితే దారి సులభం. ఈ-కోర్టుల సైటులో ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే పదహారు అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు కొడితే, కేసు స్థితి కింద కోర్టు నంబరుతో పాటు జడ్జి హోదా కనిపిస్తుంది. “మొదటి అదనపు” వంటి మాట ఒక్కటీ వదలకుండా దానినే ఎక్కించుకోవాలి. జడ్జి సెలవులో ఉండి మరొకరు ఇన్‌చార్జిగా వింటున్నా శీర్షిక మారదు.

ఎదుట నిలబడి మాట్లాడేటప్పుడు “సర్” లేదా “అయ్యా”, మహిళా జడ్జి అయితే “మేడమ్” లేదా “అమ్మా” అంటే చాలు. జిల్లా స్థాయి కోర్టులలో “సర్” అనో, ప్రాంతీయ భాషలో దానికి సమానమైన మాటతోనో సంబోధించవచ్చని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లోనే న్యాయవాదులకు చెప్పింది. ఎంత మర్యాదగా రాసినా, పెండింగ్ కేసు గురించి జడ్జి గారి ఇంటికి ఉత్తరం పంపకూడదు. చెప్పుకోవలసినది ఏదైనా పిటిషన్ రూపంలో, అవతలి పక్షానికి ప్రతి ఇచ్చి, కోర్టులోనే దాఖలు చేయాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి అధ్యక్షత వహించేది జిల్లా జడ్జి గారే; 15100 నంబరుకు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు.