ఒట్టి తునకలు పెడుతున్నారా? మొదటి పగలే గండం

ఒట్టి తునకలంటే ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం ముక్కలు. ఇంట్లో మాంసం మిగిలే రోజులకూ ఎండ కాసే రోజులకూ మన దగ్గర పొత్తు కుదరదు. బోనాలు ఆషాఢంలో వస్తాయి. యాటను కోస్తారు, చుట్టాలు తిని వెళ్లాక ఇంకా రెండు మూడు కిలోలు మిగులుతుంది. పైన చూస్తే మబ్బు. రెండేళ్లకోసారి మాఘంలో వచ్చే మేడారం జాతర నయం, అప్పుడు కాస్త ఎండ దొరుకుతుంది.

ఒట్టి తునకలు పుట్టింది ఫ్రిజ్ లేని ఇళ్లలో. దళిత వాడల్లో పెద్ద జంతువును కోసి పోగులు వేసుకున్నప్పుడు ఒక్కరోజులో తినలేనంత మాంసం వచ్చేది. దాన్ని పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద బట్టల్లా ఆరేసేవారు. ఏజెన్సీ ఊళ్లలో పొయ్యి పైన పొగ తగిలేలా వేలాడదీస్తారు. ఈ రెండు పద్ధతుల్లోనూ ఉన్న తెలివి ఒకటే, మాంసంలో తేమను వీలైనంత తొందరగా లాగేయడం. "మా అమ్మమ్మ ఇట్లనే పెట్టింది, ఎవరికేం కాలేదు" అనేవాళ్లకు నా జవాబు కూడా ఇదే. అమ్మమ్మ చైత్రం ఎండలో పెంకుటింటి మీద పెట్టింది. మనం జూలైలో, అపార్ట్‌మెంట్ బాల్కనీలో, నాలుగు గంటలు నీడ పడేచోట పెడుతున్నాం.

పచ్చి మాంసంలో నాలుగింట మూడు వంతుల దాకా నీరే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. అనుకూలంగా ఉంటే కొన్ని రకాలు 20 నిమిషాలకే రెట్టింపవుతాయి. కాబట్టి తునకలు తడిగా ఉన్న మొదటి పగలే అసలు గండం. ఆ పగలు గట్టిగా ఎండ కాస్తుందని నమ్మకం లేకపోతే మొదలే పెట్టకండి. సగంలో ముసురు పట్టిందా, రేపు చూద్దామని వదిలేయొద్దు. వెంటనే దించి ఓవెన్‌లో పెట్టండి. ఓవెన్ లేకపోతే, తునకలు ఇంకా తాజాగా ఉన్నప్పుడే కూర వండేయండి.

అన్నిటికంటే ముందు మాంసం ఎక్కడిదో చూసుకోండి. జబ్బుపడినదీ, దానంతట అది చచ్చినదీ ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, సోకిన జీవాన్ని కోసినవాళ్లకు చర్మం మీద పుండ్లు లేస్తాయి, తిన్నవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. ఆ సూక్ష్మజీవి బీజాలు ఉప్పుకూ ఎండకూ చావవు, మామూలుగా ఉడికిస్తే పోతాయన్న భరోసా కూడా లేదు. వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో 2021లో గొర్రెలు ఈ రోగంతోనే చనిపోయాయి. మందలో జీవాలు ఉన్నట్టుండి పడిపోతే కత్తి తీయకండి, పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి.

పంది మాంసాన్ని పచ్చిగా ఎండబెట్టొద్దు. కొన్ని పురుగుల పిల్లలు కండలోనే దాక్కుంటాయి. ఉప్పూ పొగా వాటిని చంపుతాయని నమ్మడానికి లేదు, బాగా ఉడికితేనే చస్తాయి.

ఇక కోయడం. నేను మొదటిసారి బొటనవేలంత లావు ముక్కలు పెట్టాను. రెండో రోజుకు పైన కట్టెలా గట్టిపడ్డాయి. సంబరపడి ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత బిగించాను. నాలుగో రోజు మూత తీస్తే వచ్చిన వాసనకు మా ఇంట్లో వారం రోజులు ఎవరూ మాంసం మాటెత్తలేదు. పైపొర ముందే గట్టిపడితే లోపలి నీరు బయటికి రాదు, తునక మధ్యలో మెత్తగా కుళ్లుతుంది. అందుకే మందం అర సెంటీమీటరు దాటనివ్వకండి. మాంసాన్ని ఓ గంట ఫ్రీజర్‌లో ఉంచితే కత్తి చక్కగా తెగుతుంది. కొవ్వూ తెల్లటి పొరలూ గీకి తీసేయండి. కొవ్వు ఎండదు, ముక్కవాసన పట్టేది దానివల్లే. కిలోకు 40 నుంచి 50 గ్రాముల ఉప్పు తూచి వేయండి. పసుపు రంగుకీ రుచికీ మంచిదే కానీ దాన్ని మందు అనుకుని ఉప్పు తగ్గించొద్దు.

ఎండ మాంసాన్ని ఆరబెడుతుంది, ఉడికించదు. ఎండిన తునకలోనూ ఈ. కోలి, సాల్మొనెల్లా లాంటి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బతికే ఉండొచ్చు. అందుకని ఉప్పు పట్టించిన తునకలను ముందుగా వెడల్పాటి మూకుడులో లోపలి ఎరుపు పూర్తిగా పోయేదాకా ఇగరబెట్టి, ఆ తర్వాతే ఆరేయండి. థర్మామీటరు ఉంటే తునక లోపల 71 డిగ్రీలు రావాలి, కోడి మాంసమైతే 74. నమిలేటప్పటి ఆ పాత రుచి కొంత పోతుంది, ఒప్పుకుంటాను. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉంటే మాత్రం ఈ విషయంలో బేరం లేదు.

ఆరేసేటప్పుడు తునకకూ తునకకూ మధ్య గాలి ఆడాలి. తుప్పు తీగ వద్దు. చుట్టూ దోమతెర కట్టండి, ఈగ పెట్టిన గుడ్లు ఒక్కరోజులోనే పురుగులవుతాయి. కాకులూ పిల్లులూ సరేసరి. పొద్దుగూకగానే లోపలికి తెచ్చి పళ్లెంలో పరిచి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. పొగ పెట్టాలన్న సరదాతో తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి వెలిగించకండి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి నేను తూకాన్నే నమ్ముతాను. కిలో మాంసం ఎండి 300, 350 గ్రాముల మధ్యకు రావాలి. చల్లారాక వంచితే పుటుక్కున విరగాలి. వంగి ఊరుకుంటే ఇంకో పూట ఎండ కావాలి.

సగం ఎండినవాటిని నూనెలో ముంచడం, గాలి తీసిన ప్యాకెట్లో సీలు వేయడం రెండూ ప్రమాదమే. గాలి ఆడక, లోపల తేమ ఉండి, ఉప్పు చాలకపోతే బోటులిజం, అంటే నరాలను పడేసే ప్రాణాంతక జబ్బు, తెచ్చే సూక్ష్మజీవి పెరుగుతుంది. అలాస్కా ఆదివాసులు చేప తలలను గడ్డి పరిచిన గుంటల్లో పులియబెట్టేవారు. ఆ గుంటల స్థానంలో మూత బిగించే ప్లాస్టిక్ బకెట్లు వచ్చాక ఈ జబ్బు ముప్పు పెరిగింది. వంటా మనుషులూ వాళ్లే, పాత్ర ఒక్కటే మారింది. చూపు రెండుగా కనబడినా, రెప్పలు వాలిపోతున్నా, గుటక పడకపోయినా గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పూర్తిగా ఎండినవాటిని గాజు సీసాలో పోసి రెండు నెలల్లోపు తినేయండి. వానాకాలమైతే ఫ్రీజరే దిక్కు. ఒక్క తునక మీద బూజు కనబడినా, జిగట తగిలినా సీసా మొత్తం పారేయండి. కడిగి ఉడికిస్తే సరిపోతుందనుకోవద్దు, కొన్ని విషాలు మరిగించినా పోవు. వండే ముందు వేడినీళ్లలో అరగంట నానితే చాలు, రాత్రంతా గట్టు మీద వదలకండి. చింతచిగురు దొరికే రోజులైతే ఇంక చెప్పేదేముంది!

అమెరికాలో పిల్లలున్నవాళ్లకు ఒక మాట. సూట్‌కేసులో పచ్చళ్ల మధ్య తునకలు దాచకండి. మన దేశం నుంచి ఇంట్లో ఎండబెట్టిన మాంసాన్ని అక్కడికి రానివ్వరు, చెప్పకుండా తీసుకెళ్లి దొరికితే జరిమానా పడుతుంది. బ్రిటన్, యూరప్‌ దేశాల్లోనూ రానివ్వరు. వాళ్లకు తినాలనిపిస్తే అక్కడి మాంసాన్నే పలచగా కోసి, ముందు ఉడికించి, డీహైడ్రేటర్‌లో, అంటే తేమ లాగే యంత్రంలో, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టుకోమనండి.