క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ తయారీ: ఒక రైస్ మిల్లు లెక్కతో

ఏడాదిలో నగదు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోయిందో చూపేది క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్. దాని మొత్తం కుదరడం పెద్ద కష్టం కాదు. ఏడాది మొదట్లో ఉన్న నగదు, చివర్లో మిగిలిన నగదు రెండూ బ్యాలెన్స్ షీట్లోనే ఉంటాయి. మధ్యలో ప్రతి పద్దుకూ వచ్చిన తేడాను వ్యాపారం, పెట్టుబడి, ఫైనాన్సింగ్ (అప్పులు, మూలధనం) అనే మూడింటిలో ఏదో ఒక గడిలో వేస్తే అడుగున మొత్తం కుదిరి తీరుతుంది. చిక్కంతా అక్కడే. తప్పు గడిలో వేసినా కుదురుతుంది కాబట్టి ఆ తప్పును మొత్తం పట్టించదు. అందుకే ఈ పనిలో ముప్పావు శ్రమ పద్దులను విప్పి చూడటంలోనే ఉంది. కూడికలు, తీసివేతలు చివర్లో పది నిమిషాల పని.

ముందు చట్టం సంగతి. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 2(40) ప్రకారం ఆర్థిక నివేదికల్లో క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ కూడా భాగం. ఏకవ్యక్తి కంపెనీకి, స్మాల్ కంపెనీకి, డార్మెంట్ (కార్యకలాపాలు లేని) కంపెనీకి మినహాయింపు ఉంది. స్మాల్ కంపెనీ హద్దులను ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది, ఆ ఏడాదికి వర్తించే అంకె చూసుకోవాలి. దేశంలో అకౌంటింగ్ ప్రమాణాలు రెండు వరసలు: ఇండ్ ఏఎస్, ఏఎస్. ఇండ్ ఏఎస్ వర్తించే కంపెనీలు ఇండ్ ఏఎస్ 7 ప్రకారం, మిగతావి ఏఎస్ 3 ప్రకారం తయారుచేయాలి. లాభం నుంచి మొదలుపెట్టి సవరించుకుంటూ పోయేది పరోక్ష పద్ధతి. లిస్టెడ్ కంపెనీలు ఆ పద్ధతిలోనే ఇవ్వాలని సెబీ నిబంధన. మిగతావాళ్లు కూడా ఎక్కువగా దాన్నే వాడతారు, ఇక్కడ చూపేదీ అదే.

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ట్యాలీలో క్యాష్ ఫ్లో పేరుతో వచ్చే రిపోర్టు ఇది కాదు. అది నెలవారీగా ఎంత వచ్చింది, ఎంత పోయింది అని మాత్రమే చూపిస్తుంది. దాన్ని ప్రింటు తీసి ఆడిటర్‌కు ఇస్తే పని కాదు.

లెక్క కోసం ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. ఒక రైస్ మిల్లు, ఏఎస్ 3 కిందికి వచ్చే ప్రైవేటు కంపెనీ. అంకెలన్నీ లక్షల్లో. మొదటిది 2024 మార్చి 31 నాటిది, రెండోది 2025 మార్చి 31 నాటిది.

షేరు మూలధనం: 200, 200
రిజర్వులు: 150, 196
టర్మ్ లోను (కిస్తీల్లో తీర్చే అప్పు): 180, 220
సీసీ లోను (క్యాష్ క్రెడిట్, సరుకు కొనడానికి బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతా): 120, 165
క్రెడిటర్లు (మనం ఇవ్వాల్సిన బాకీలు): 90, 70
ట్యాక్స్ ప్రొవిజన్ (ఇంకా కట్టాల్సిన పన్ను): 8, 10
మొత్తం: 748, 861

స్థిరాస్తులు (తరుగుదల పోను): 380, 425
స్టాకు: 160, 230
డెబ్టర్లు (మనకు రావాల్సిన బాకీలు): 150, 185
ఏడాది ఫిక్స్‌డ్ డిపాజిట్: 30, 10
నగదు, కరెంట్ ఖాతా: 28, 11
మొత్తం: 748, 861

లాభనష్టాల ఖాతాలో పన్నుకు ముందు లాభం 75, పన్ను 19, నికర లాభం 56. ఖర్చుల్లో తరుగుదల 42, వడ్డీ 34 ఉన్నాయి. ఆదాయంలో డిపాజిట్ వడ్డీ 2, పాత యంత్రం అమ్మగా వచ్చిన లాభం 3 ఉన్నాయి.

మొదట నగదు అంటే ఏది అన్నది తేల్చుకోవాలి. గల్లాపెట్టెలో డబ్బు, కరెంట్ ఖాతా నిల్వ, కొన్న తేదీ నుంచి మూడు నెలల్లోపు తీరే డిపాజిట్లు. ఆ మూడు నెలలను కొన్న తేదీ నుంచి లెక్కపెట్టాలి, మార్చి 31 నుంచి కాదు. ఏడాది డిపాజిట్‌కు ఇంకో ఇరవై రోజులే మిగిలి ఉన్నా అది నగదు కిందికి రాదు. బ్యాంకు గ్యారంటీ కోసం మార్జిన్‌గా పెట్టిన డిపాజిట్ కూడా అంతే, మన చేతిలో లేని డబ్బు అది. మన లెక్కలో నగదు 28 నుంచి 11కు వచ్చింది, అంటే 17 తగ్గింది. చివరికి చేరాల్సిన అంకె ఇదే. పేజీ అడుగున ముందే రాసి పెట్టుకోండి.

ఇప్పుడు పద్దులు విప్పాలి. స్థిరాస్తుల్లో తేడా 45 అని చూసి యంత్రాల కొనుగోలు 45 అని రాస్తే లెక్క అక్కడే చెడిపోతుంది. లెడ్జర్ తెరిస్తే పుస్తక విలువ 12 ఉన్న పాత యంత్రాన్ని 15కు అమ్మినట్టు కనిపిస్తుంది. 380 లోంచి తరుగుదల 42, అమ్మిన యంత్రం 12 తీసేస్తే 326. ఏడాది చివర 425 ఉందంటే కొత్తగా కొన్నది 99. అది బియ్యంలో రంగు మారిన గింజలను ఏరే కలర్ సార్టర్, దాని బిగింపు ఖర్చు.

పన్నుకూ ఇదే పద్ధతి. మొదటి ప్రొవిజన్ 8, ఈ ఏడాది పన్ను 19, కలిపితే 27. చివర్లో 10 మిగిలింది, కాబట్టి కట్టింది 17. రిజర్వులు 46 పెరిగాయి, లాభం 56, తేడా 10 డివిడెండు.

తర్వాత క్రెడిటర్ల జాబితా. దీన్ని పేరుపేరునా చూడాలి, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మన మిల్లు క్రెడిటర్లు 90 నుంచి 70కి తగ్గాయి. ఆ 70లో 9 లక్షలు కలర్ సార్టర్ అమ్మినవాళ్లకు ఇవ్వాల్సిన బాకీ. అది ధాన్యం బాకీ కాదు, యంత్రం బాకీ. దాన్ని తీసేస్తే వ్యాపార క్రెడిటర్లు 61, తగ్గింది 20 కాదు, 29. యంత్రానికి నిజంగా కట్టిన డబ్బు కూడా 99 కాదు, 90. ఈ 9 లక్షలు ఏ గడిలో ఉన్నా అడుగు మొత్తం మారదు. కానీ వ్యాపారం నుంచి డబ్బు వచ్చిందా పోయిందా అన్న జవాబే మారిపోతుంది. ఎలాగో చూడండి.

వ్యాపార కార్యకలాపాలు:
పన్నుకు ముందు లాభం 75
తరుగుదల +42
వడ్డీ ఖర్చు +34
యంత్రం అమ్మకంపై లాభం −3
డిపాజిట్ వడ్డీ −2
ఇంతవరకు 146
స్టాకు పెరుగుదల −70
డెబ్టర్ల పెరుగుదల −35
క్రెడిటర్ల తగ్గుదల −29
కట్టిన పన్ను −17
నికరం −5

యంత్రం బాకీని విడదీయకపోతే క్రెడిటర్ల దగ్గర 20 పడి, ఈ నికరం 4 అయ్యేది. మైనస్ 5 ఉన్న చోట ప్లస్ 4 కనిపిస్తే బ్యాంకు మేనేజరు చదివే తీరే వేరు.

తరుగుదలను కలపడం అంటే దాని వల్ల డబ్బు వచ్చిందని కాదు. లాభం తేల్చేటప్పుడు తీసేశాం, కానీ ఎవరికీ చెల్లించలేదు, అందుకే వెనక్కి వేస్తున్నాం. వడ్డీని వెనక్కి వేసేది అది అప్పుకు సంబంధించిన ఖర్చు కాబట్టి, కింద ఫైనాన్సింగ్‌లో చూపిస్తాం. బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు అప్పివ్వడమే వ్యాపారం కాబట్టి వాటి వడ్డీ వ్యాపారం గడిలోనే ఉంటుంది. ఇక గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే: ఆస్తి పెరిగితే నగదు తగ్గుతుంది, బాకీ పెరిగితే నగదు మిగులుతుంది.

ఇంకో మూడు చోట్ల కాలు జారుతుంది. రానిబాకీల ప్రొవిజన్‌ను లాభానికి కలిపితే, డెబ్టర్లను ప్రొవిజన్ తీయకముందు అంకెతో పోల్చాలి. తీసేసిన అంకెతో పోలిస్తే రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. టీడీఎస్ (మనకు చెల్లించేవాళ్లు ముందే కోసుకున్న పన్ను) రావాల్సింది ఉంటే అది కట్టిన పన్ను వరసలోకి వెళ్లాలి, వర్కింగ్ క్యాపిటల్‌లోకి (స్టాకు, డెబ్టర్లు, క్రెడిటర్ల వరసల్లోకి) కాదు. యంత్రానికి ఇచ్చిన అడ్వాన్సు పెట్టుబడి కిందికి రావాలి, అది ఇతర అడ్వాన్సుల్లో కలిసిపోయి ఉంటుంది.

పెట్టుబడి కార్యకలాపాలు:
యంత్రానికి చెల్లింపు −90
పాత యంత్రం అమ్మకం +15
డిపాజిట్ వెనక్కి తీసుకున్నది +20
డిపాజిట్ వడ్డీ +2
నికరం −53

పాత యంత్రం దగ్గర వచ్చిన 15 మొత్తం ఇక్కడే రావాలి. 3 లాభాన్ని పైన తీసేసింది అందుకే.

ఫైనాన్సింగ్ కార్యకలాపాలు:
కొత్త టర్మ్ లోను +80
టర్మ్ లోను కిస్తీలు −40
సీసీ పెరుగుదల +45
వడ్డీ −34
డివిడెండు −10
నికరం +41

టర్మ్ లోను తేడా 40 అని ఒకే ముక్కలో చూపకూడదు. తెచ్చింది వేరు, కట్టింది వేరు. రోజూ వేసి తీసే సీసీ ఖాతాకు మాత్రం నికరం సరిపోతుంది. వచ్చే ఏడాది కట్టాల్సిన టర్మ్ లోను కిస్తీలు బ్యాలెన్స్ షీట్లో స్వల్పకాలిక అప్పుల్లో కూర్చుంటాయి. వాటిని తెచ్చి టర్మ్ లోనులో కలిపాకే లెక్క మొదలుపెట్టాలి, లేకపోతే కట్టని కిస్తీలు కట్టినట్టు కనిపిస్తాయి.

ఇండ్ ఏఎస్ 7 కింద, అడిగిన వెంటనే తీర్చాల్సిన ఓవర్‌డ్రాఫ్టు (ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకున్న డబ్బు) నగదు నిర్వహణలో భాగమైతే దాన్ని నగదులోనే కలపొచ్చు. దాని లక్షణం ఏమిటంటే నిల్వ ఒకసారి ప్లస్, ఒకసారి మైనస్‌లో ఉంటుంది. ఏడాది పొడుగునా మైనస్‌లోనే ఉండే మిల్లు సీసీకి అది పొసగదు, అప్పుగానే చూపాలి.

మూడింటినీ కలిపితే −5, −53, +41, మొత్తం −17. పేజీ అడుగున రాసుకున్న అంకె వచ్చింది.

ఇప్పుడు చదవడం. నికర లాభం 56 లక్షలు, వ్యాపారం నుంచి డబ్బు మైనస్ 5. ఎక్కడికి పోయింది? స్టాకు 44 శాతం పెరిగింది, డెబ్టర్లు 23 శాతం పెరిగాయి. అమ్మకాలు కూడా దాదాపు అంతే పెరిగి ఉంటే అది ఎదిగే వ్యాపారానికి సహజమే. అమ్మకాలు అలాగే ఉండి ఇవి పెరిగితే స్టాకు రిజిస్టరు, డెబ్టర్ల వయసు జాబితా తీసి చూడాలి. వానాకాలం ధాన్యాన్ని పాత బియ్యం ధర కోసం నిల్వ పెట్టారా, లేక కదలని సరుకా? ఆరు నెలలు దాటిన బాకీలు ఎవరివి? జవాబు ఆ రెండు పుస్తకాల్లోనే ఉంటుంది.

నాకు ఈ లెక్కలో అసలు భయం కలిగించేది స్టాకు కాదు. కిస్తీలు 40, వడ్డీ 34, డివిడెండు 10, కలిపి 84. వ్యాపారం లోటు 5, యంత్రానికి టర్మ్ లోను పోను సొంతంగా పెట్టింది 10. మొత్తం 99 కావాలి. అది ఎక్కడిది? సీసీ 45, డిపాజిట్ 20, ఖాతా నిల్వ 17, పాత యంత్రం 15, వడ్డీ 2. ధాన్యం కొనడానికి బ్యాంకు ఇచ్చిన సీసీ డబ్బు కిస్తీలకు, డివిడెండుకు పోయింది. డిపాజిట్ దాదాపు అయిపోయింది, అమ్మే పాత యంత్రం ఇక లేదు. వచ్చే ఏడాది సీసీ పెంచమని అడిగేముందు ఈ డివిడెండు ఎందుకిచ్చారో చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇతర కంపెనీల స్టేట్‌మెంట్లు చదివేటప్పుడు ఇంకో రెండు చూడండి. లీజుల ప్రమాణం ఇండ్ ఏఎస్ 116 వర్తించే కంపెనీల్లో లీజు అద్దెలో అసలు భాగం ఫైనాన్సింగ్‌లోకి వెళ్తుంది. అందువల్ల దుకాణాలు అద్దెకు తీసుకునే కంపెనీల ఆపరేటింగ్ క్యాష్ (వ్యాపారం నుంచి వచ్చే డబ్బు) 2019 ఏప్రిల్ తర్వాత ఉబ్బి కనిపిస్తుంది. మార్చి చివరి వారంలో క్రెడిటర్లకు చెల్లింపులు ఆపి ఏప్రిల్‌లో కట్టినా ఆపరేటింగ్ క్యాష్ బాగుంటుంది. వరుసగా మూడేళ్ల అంకెలు కూడితే ఆ ఎత్తు బయటపడుతుంది.

ఇంత చేసినా ఒకదాన్ని ఈ స్టేట్‌మెంట్ పట్టలేదు. చివరి నగదే అబద్ధమైతే పైనున్నవన్నీ దానికి తగ్గట్టు కుదిరిపోతాయి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో చెప్పింది అదే. 2008 సెప్టెంబరు 30 నాటి పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవు. అందుకే బ్యాంకు నిల్వ ధ్రువీకరణ కంపెనీ చేతుల మీదుగా కాక బ్యాంకు నుంచి నేరుగా ఆడిటర్‌కు రావాలి. దానితోపాటు డిపాజిట్ వడ్డీని సగటు నిల్వతో భాగించి చూడాలి. మన మిల్లు 30 లక్షల డిపాజిట్‌లో 20 ఏడాది చివర్లో తీసింది, వడ్డీ 2 లక్షలు వచ్చింది, అంటే దాదాపు 7 శాతం. ఇది బ్యాంకు ఇచ్చే రేటుకు దగ్గరగా ఉంది. ఇది 2 శాతమే వస్తే స్టేట్‌మెంట్ పక్కన పెట్టి ముందు డిపాజిట్ రసీదులు తెప్పించండి.