చలికాలం పొద్దున చంద్రపూర్ రోడ్ల మీద సైకిల్ తొక్కేవాళ్లకి

చలికాలం సైకిల్ అనగానే ఇంట్లోవాళ్లు స్వెట్టర్ గురించే చెప్తారు. పది నిమిషాలు తొక్కితే చలి దానంతటదే పోతుంది. రెండు స్వెట్టర్లు వేసుకుంటే లోపల చెమట పట్టి, సైకిల్ ఆపాక ఆ చెమటే వణికిస్తుంది. పల్చటి బట్ట మీద గాలి ఆపే జాకెట్ ఒకటి చాలు. అసలు గండం వేరే ఉంది, వెనక వచ్చే బండివాడికి మనం కనబడకపోవడం. జనవరిలో ఇక్కడ, మహారాష్ట్ర చంద్రపూర్‌లో, తెల్లవారేసరికి దాదాపు పావుతక్కువ ఏడవుతుంది, పొద్దున షిఫ్టుకి పోయేవాళ్లూ పాలవాళ్లూ ట్యూషన్ పిల్లలూ చీకట్లోనే రోడ్డెక్కుతారు, పైగా ఆ వేళ పైనున్న వెచ్చటి గాలి మూతలా కూర్చుని కింది గాలిని లేవనివ్వదు కాబట్టి మంచు, థర్మల్ ప్లాంటు పొగ, చలిమంటల పొగ అన్నీ కలిసి మన తలల దగ్గరే తిరుగుతుంటాయి.

అందుకని డబ్బులుంటే ముందు లైటు కొనండి. డైనమో ఉంది కదా అనకండి. చక్రం తిరిగినంతసేపే అది వెలుగుతుంది, చౌక్‌లో కాలు కింద పెట్టగానే ఆరిపోతుంది, అంటే చుట్టూ లారీలున్న సమయానికే మీరు చీకట్లో ఉంటారు. టైరు మంచుకి తడిసిందా, డైనమో తల జారిపోయి ఉన్న వెలుగూ మిణుకుమిణుకుమంటుంది. బ్యాటరీతో వెలిగే ఎర్ర లైటు ఒకటి సీటు కింద బిగించి, వెనక్కి వెళ్లి నిలబడి చూడండి: క్యారియర్ మీది టిఫిన్ సంచో, వేలాడే శాలువానో దాన్ని కప్పేస్తోందేమో. సగం మందికి లైటుండీ లేనట్టే. తర్వాత రేడియం స్టిక్కర్, ఏ స్టిక్కర్ల షాపులో అయినా కోసిస్తారు, మడ్‌గార్డుతో పాటు పెడల్స్‌కీ చెప్పుల మడమలకీ అంటించండి. పైకీ కిందికీ ఆడే మెరుపు కంటికి త్వరగా ఆనుతుంది. మంచులో తెల్ల చొక్కా కలిసిపోతుంది, నారింజో పసుపో మేలు.

ఇక రోడ్డు. ఘుగ్గుస్ రోడ్డు, పడోలి చౌక్ వైపు బొగ్గు లారీలు రాల్చిన పొడి మీద మంచు తడి పడితే నల్లటి పల్చటి బురదవుతుంది, వర్షంలా కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మలుపులో బ్రేకు పట్టకండి, మలుపుకి ముందే నెమ్మదించి, తిప్పేటప్పుడు చక్రాన్ని దానిమానాన పోనివ్వండి. రిమ్ము తడిగా ఉంటే మొదటిసారి నొక్కినప్పుడు బ్రేకు పట్టదు, అందుకే అవసరానికి కాస్త ముందే ఒకట్రెండుసార్లు మెల్లగా నొక్కి వదలాలి. వారానికోసారి బ్రేకు రబ్బర్లు తిప్పి చూడండి, బొగ్గు రవ్వలు దిగబడి ఉంటాయి, పిన్నీసుతో పెరికేయండి, లేకపోతే రిమ్మునీ గీసేస్తాయి, పట్టూ పోతుంది.

లారీకి ఎడమ పక్కన ఎప్పుడూ ఆగొద్దు. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, ఎడమ పక్కన కింద ఉన్న సైకిల్ అతనికి కనిపించదు, లారీ ఎడమకి తిరిగితే వెనక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి కోసుకొస్తాయి. వెనకే ఉండండి, రెండు నిమిషాలు పోతే పోతాయి. పాత కోట ద్వారం జట్‌పురా గేటు దగ్గర దీనికి వ్యతిరేకం, ఇరుకు కాబట్టి గోడకి ఒదగకుండా ధైర్యంగా మధ్యలో పోవాలి, ఆటోవాడు హారన్ కొడితే కొట్టుకోనీ.

మంకీ క్యాప్ చెవుల పైదాకా మడవండి, హారన్ వినబడాలి. మఫ్లర్ కొసలు జాకెట్లోకి దోపేయాలి, చక్రంలో పడితే మెడకే చుట్టుకుంటుంది. ఉన్ని గ్లవ్స్ హ్యాండిల్ మీద జారతాయి, హార్డ్‌వేర్ షాపుల్లో రబ్బరు చుక్కల చేతొడుగులు అమ్ముతారే, అవి చవకా, పట్టూ బాగుంటుంది. ముక్కుకి రుమాలు కడితే సన్నటి పొడి ఆగదు, ఎన్95 మాస్కే వేసుకోవాలి.

దుర్గాపూర్, ఊర్జానగర్ వైపు ఉండేవాళ్లకి అక్కడ చిరుతలు తిరిగే సంగతి వేరే చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున ఇద్దరు ముగ్గురు కలిసి, మాట్లాడుకుంటూ వెళ్లండి. అక్కడ చెయిన్ ఊడినా సరే పొదల పక్కన కూర్చుని వంగకండి, వీధి దీపం వెలుగుతున్న చోటిదాకా నడిపించుకుపోయి అక్కడ ఎక్కించుకోండి.